పదహారేళ్లకే ఒలింపియన్ అంటున్నారు

కొన్ని వారాలుగా మా హాకీ మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వీడియో చక్కర్లు కొడుతోంది. పెనాల్టీ కార్నర్, అంటే డిఫెన్స్ తప్పు చేస్తే ఎదుటి జట్టుకి గోల్ ముందు దొరికే అవకాశం. బంతి సర్కిల్ అంచుకి వస్తుంది, ఒకడు ఆపుతాడు, సికింద్రాబాద్ పిల్లాడొకడు మూడంగల్లో వచ్చి లాగి వదులుతాడు. గోల్‌కీపర్ చెయ్యి లేచేసరికి బంతి వలలో పైమూలకి తగిలేసింది. కింద కామెంట్లు మీరు ఊహించగలరు. "ముకేశ్ కుమార్ తర్వాత మనోడే." "2032 బ్రిస్బేన్ పక్కా." ముకేశ్ అంటే మన ఊరి నుంచి ఒలింపిక్స్ దాకా వెళ్లిన హాకీ ఆటగాడు, బ్రిస్బేన్ అంటే అక్కడ జరగబోయే ఒలింపిక్స్.

ఆ పిల్లాడి పేరు ఇక్కడ రాయను. పదహారేళ్ల వాడి పేరు పక్కన నా అనుమానాలు ఇంటర్నెట్‌లో ఉండిపోవడం నాకిష్టం లేదు. కానీ వాడు అండర్-14 ఆడేటప్పటి నుంచి చూస్తున్నాను. వాళ్ల నాన్న నాకు బాగా పరిచయం. ఒకప్పుడు యూనివర్సిటీ స్థాయి దాకా ఆడినవాణ్ని కాబట్టి వీడియో వచ్చినప్పటి నుంచీ అందరూ నన్నే అడుగుతున్నారు, వీడు పైకొస్తాడా అని.

నా జవాబు ఇది. హైదరాబాద్‌లోనే ఉంటే రాడు. ఈ ఏడాదే ఊరు దాటి, డ్రాగ్‌ఫ్లిక్ (కార్నర్‌లో బంతిని స్టిక్‌తో ఈడ్చి వలలోకి విసిరే ఆ షాట్) సంగతి పక్కనపెట్టి మిగతా ఆట నేర్పే చోటికి వెళ్తే వచ్చే అవకాశం గట్టిగానే ఉంది. ఇలా అంటే మా గ్రూపులో కొందరికి కోపం వచ్చింది. "మనోణ్ని మనమే కిందికి లాగితే ఎట్ల?" అన్నారు. వాట్సాప్‌లో తెగే విషయం కాదని ఇక్కడ రాస్తున్నాను.

వీడియోలో కనిపించనిది

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. వాడి ఫ్లిక్ నిజంగానే అరుదు. కార్నర్‌లో మొదటి షాట్ హిట్ (స్టిక్ ఊపి కొట్టడం) అయితే బంతి 460 మిల్లీమీటర్లకి మించిన ఎత్తులో గోల్‌గీత దాటకూడదు. అంటే గోల్ అడుగున ఉండే పలక, బ్యాక్‌బోర్డుకే తగలాలి. ఫ్లిక్‌కి ఆ అడ్డు లేదు, అందుకే ప్రపంచమంతా దాని వెంట పడింది. ఈ వయసు పిల్లలు చాలామంది భుజాల బలంతో లాగుతారు. వీడు నడుముతో లాగుతాడు. ఎడమకాలు పడ్డాక తుంటి తిరగడానికి రవ్వంత ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యంలో కీపర్ ఎటో ఒకవైపు ఒరుగుతాడు, బంతి రెండోవైపు వెళ్తుంది. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. 2016 రియోలో స్వర్ణం గెలిచిన అర్జెంటీనా జట్టులోనూ, 2023లో ప్రపంచకప్ గెలిచిన జర్మనీ జట్టులోనూ ఆడిన గొంజాలో పేయాట్ వీడియోలు ఫోన్‌లో ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తూ పట్టుకున్నాడు. ఆ పేయాట్‌నే తర్వాత హాకీ ఇండియా లీగ్‌లో మన ఊరి పేరున్న జట్టు, హైదరాబాద్ తూఫాన్స్, 68 లక్షలకి కొనుక్కుంది.

మొన్న ఒక ఆదివారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో నేను బంతిని చూడటం మానేసి వాణ్నే చూస్తూ కూర్చున్నాను. ఫార్వర్డ్‌ని అంచనా వేయాలంటే అదే పద్ధతి. వెనక నుంచి పాస్ వచ్చినప్పుడల్లా వాడి వీపు అవతలి గోల్‌వైపు ఉంటోంది. బంతిని ముందు పూర్తిగా చచ్చేలా ఆపుతాడు, తర్వాత తల ఎత్తుతాడు, తర్వాత తిరుగుతాడు. మంచి డిఫెండర్‌కి ఆ సమయం చాలు. అయినా వాడి దగ్గర బంతి పోవడం లేదు, ఎందుకంటే వాడప్పటికే నాకంటే ఎత్తు, ఎదుటి పిల్లలు భుజం దాకా వస్తారు. ఒళ్లు అడ్డం పెట్టి నెట్టుకొచ్చేస్తున్నాడు.

ఒకసారి మాత్రం పోయింది. చిన్న సైజు కుర్రాడొకడు కిందనుంచి స్టిక్ పెట్టి లాక్కుపోయాడు. మనవాడు నడుం మీద చేతులు పెట్టుకుని అంపైర్ వైపు చూశాడు. అదే జట్టులో లెఫ్ట్ హాఫ్ (ఎడమవైపు, ఫార్వర్డ్‌ల వెనక) ఆడే సన్నపాటి పిల్లాడు, ఎవరూ ఎప్పుడూ వీడియో తీయనివాడు, దాదాపు సగం గ్రౌండ్ వెనక్కి పరిగెత్తి ఆ బంతిని బయటికి కొట్టి పడిపోయాడు. లేచి మోకాలు దులుపుకుని సైడ్‌లైన్ హిట్‌కి కాపలా నిల్చున్నాడు. ఆ రోజు సెలెక్టర్ ఎవరైనా వచ్చి ఉంటే ఎవరి పేరు రాసుకునేవాడో నేను చెప్పగలను.

ఇంకో సంగతి, చేతిలో ఉన్న స్టిక్. దుబాయ్‌లో ఉండే మేనమామ పంపిన లో-బో స్టిక్ అది. వంపు బాగా కిందికి, స్టిక్ కింది కొన దగ్గరికి ఉంటుంది. బంతిని ఒడిసిపట్టి లాగడానికి దాన్ని మించింది లేదు. కానీ అదే వంపు మామూలు హిట్‌ని చెడగొడుతుంది, బంతి అనుకోకుండా పైకి లేస్తుంది.  వాడు మ్యాచ్ మొత్తం దానితోనే ఆడతాడు. ఉన్నది అదొక్కటే మరి.

ఫ్లిక్ కొట్టేవాడు గ్రౌండ్‌లో ఉండాలి కదా

మన దేశానికి కార్నర్లు కొట్టినవాళ్లని వరసగా తలుచుకోండి. సందీప్ సింగ్, రూపిందర్ పాల్ సింగ్, వరుణ్ కుమార్, హర్మన్‌ప్రీత్ సింగ్. అందరూ డిఫెండర్లు. పేయాట్ కూడా డిఫెండరే. ఇది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఇప్పటి హాకీలో రోలింగ్ సబ్‌స్టిట్యూషన్లు ఉన్నాయి, అంటే ఆటగాళ్లని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఫార్వర్డ్‌లు కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెత్తి బెంచీ మీదికి వచ్చేస్తారు. కార్నర్ ఇచ్చాక, అది పూర్తయ్యేదాకా ఆటగాణ్ని మార్చడం కుదరదు. అంటే విజిల్ పడిన క్షణంలో మీ ఫ్లిక్కర్ బెంచీ మీద ఉంటే, ఆ కార్నర్‌కి వాడు లేనట్టే. డిఫెండర్ ఎక్కువసేపు లోపలే ఉంటాడు కాబట్టి కోచ్‌లు ఆ పని వాళ్లకే అప్పజెబుతారు.

మనవాడు ఫార్వర్డ్. ఇక్కడ నాకు నేనే ఒక అడ్డు ప్రశ్న వేసుకున్నాను. కార్నర్లు కొట్టే అరైజీత్ సింగ్ హుండల్ ఫార్వర్డ్ కాదా? మహిళల జట్టులో దీపిక ఫార్వర్డ్‌గా ఉంటూ కార్నర్లు కొట్టడం లేదా? నిజమే. దారి లేదని అనను. కానీ వాళ్లిద్దరూ కార్నర్లతో పాటు ఫీల్డ్ గోల్స్ కొడతారు, కాబట్టి ఫ్లిక్ లేకపోయినా వాళ్లని జట్టులో ఊహించుకోవచ్చు. మనవాడి ఫ్లిక్ తీసేసి చూడండి, జిల్లా జట్టులో కూడా నాలుగో ఫార్వర్డ్ అవుతాడేమో. ఒలింపిక్స్‌కి వెళ్లేది 16 మంది. రోజుకి నాలుగైదు షాట్ల కోసం ఎవరూ ఒక చోటు కేటాయించరు.

అందుకే వాణ్ని వెనక్కి, ఫుల్ బ్యాక్‌గా ఆడించి చూడమని నేనంటున్నాను. ఆ ఎత్తు, ఆ బలం అక్కడ పనికొస్తాయి. బంతి ఎదురుగా వస్తుంది కాబట్టి వీపు తిప్పి అందుకునే లోపం అక్కడ అంతగా బయటపడదు. మా గ్రూపులో ఈ మాటకే ఎక్కువ తిట్లు పడ్డాయి, గోల్స్ కొట్టేవాణ్ని గోల్స్ ఆపమంటావా అని. భారత గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్న శ్రీజేశ్ సంగతి గుర్తు చేశాను. తిరువనంతపురం జి.వి. రాజా స్పోర్ట్స్ స్కూల్‌కి వెళ్లినప్పుడు అతను పరుగు పందేల పిల్లాడు. గోల్‌కీపింగ్ చెయ్యమన్నది అక్కడి కోచ్. ఎర్నాకుళం దగ్గర పల్లెలోనే ఉండిపోతే ఆ మాట చెప్పేవాడే దొరికేవాడు కాదు.

లక్నో జట్టులో ఎంతమంది మిగిలారు

జూనియర్ హాకీ మీద ఆశలు పెట్టుకునే ప్రతిసారీ నేను 2016 డిసెంబర్ 18 దగ్గరికి వెళ్తాను. లక్నోలో మన జూనియర్లు బెల్జియంని 2-1తో ఓడించి ప్రపంచకప్ ఎత్తారు. గుర్జంత్, సిమ్రన్‌జీత్ చెరో గోల్ కొట్టారు. ఆ 18 మందికి మించిన బ్యాచ్ మనకి ఈ మధ్యకాలంలో రాలేదు. నాలుగున్నరేళ్ల తర్వాత టోక్యోలో కాంస్యం గెలిచిన జట్టులో, వాళ్లలో ఏడుగురే ఉన్నారు. హర్మన్‌ప్రీత్, వరుణ్, సిమ్రన్‌జీత్, మన్‌దీప్, నీలకంఠ, సుమిత్, గుర్జంత్. లక్నోలో కప్పు అందుకున్న కెప్టెన్ హర్జీత్ సింగ్ అందులో లేడు.

ప్రపంచ చాంపియన్ జట్టుకి కెప్టెన్ అయిన కుర్రాడికే గ్యారంటీ లేని చోట, ఒక వీడియో చూసి బ్రిస్బేన్ టికెట్ కొనేస్తున్నాం మనం. హర్జీత్‌కి ఆట రాకనా? కాదు. సీనియర్ జట్టులో అతని చోటులో అప్పటికే పాతుకుపోయిన వాళ్లున్నారు. ఎప్పుడు ఖాళీ అవుతుందో, అప్పుడు మన ఫామ్, ఫిట్‌నెస్ ఎలా ఉంటాయో, ఎవరు కోచ్‌గా ఉంటారో, ఇవేవీ ఆటగాడి చేతిలో ఉండవు.

దీనికి ఎదురు చెప్పే ఉదాహరణ కూడా నాకు తెలుసు. దిల్‌ప్రీత్ సింగ్ 2018లో కుర్రాడిగా ఉన్నప్పుడే సీనియర్ జట్టులోకి వచ్చి, ఆ ఏడాది చివర్లో భువనేశ్వర్ ప్రపంచకప్ ఆడి, తర్వాత చోటు పోగొట్టుకున్నాడు. అక్కడితో అయిపోలేదు. టోక్యోలో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో మొదటి గోల్ అతనిదే. కాబట్టి ఒకసారి వెనకబడటం పెద్ద నష్టమేం కాదు. నన్ను భయపెట్టేది వేరే. దిల్‌ప్రీత్ వెనక్కి వెళ్లినా పంజాబ్‌లో అతని చుట్టూ గట్టి హాకీ ఉంది. మనవాడు రేపు ఒక ట్రయల్‌లో ఫెయిలై ఇంటికొస్తే, సోమవారం పొద్దున ఎవరితో ఆడతాడు?

ఒంటి ఎదుగుదల సంగతి కూడా చెప్పాలి. వాడికి మీసం పద్నాలుగేళ్లకే వచ్చింది. ఈ వయసులో ముందుగా ఎదిగినవాడు మిగతావాళ్లని తోసుకుంటూ పోతాడు, చూసేవాళ్లకి అదంతా ప్రతిభలాగే ఉంటుంది. ఇరవై వచ్చేసరికి అందరూ అంతే ఎత్తుకి వస్తారు. చిన్నప్పుడు ఒళ్లు లేక తెలివితో నెట్టుకొచ్చిన పిల్లలు అప్పుడు ముందుకు దూకుతారు. ఆ సన్నపాటి లెఫ్ట్ హాఫ్ మీద నాకు ఆశ ఉన్నది అందుకే.

ఇక్కడ ఎవరితో ఆడాలి

"ముకేశ్ కుమార్ ఇక్కడి నుంచే పోలేదా?" అనేది మా వాళ్ల బ్రహ్మాస్త్రం. పోయాడు. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, మూడు ఒలింపిక్స్ ఆడాడు. మా తరం ఆయన్ని చూసే రైట్ వింగ్ ఆడాలని కలలు కంది. కానీ ఆయన ఇండియన్ ఎయిర్‌లైన్స్ జట్టు మనిషి. ధన్‌రాజ్ పిళ్లై లాంటి వాళ్లున్న జట్టు అది. అప్పట్లో డిపార్ట్‌మెంట్ జట్లు బలంగా ఉండేవి, మంచి ఆటగాడికి వారం వారం తనకంటే మంచివాళ్లు ఎదురయ్యేవాళ్లు. ఇప్పుడు నగరంలో హాకీ బతికి ఉందంటే రైల్వే వాళ్లు, మరికొందరు మొండిగా పట్టుకుని ఉండటం వల్లే. వాళ్లకి నేను దండం పెడతాను. కానీ అది సరిపోదు.

2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ మొత్తం మన గచ్చిబౌలిలోనే జరిగింది. హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. ఆ సాయంత్రాలు స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. లీగ్ కొన్నేళ్లకే మూతపడింది. మళ్లీ హైదరాబాద్ పేరుతో జట్టు వచ్చింది 2024-25 హాకీ ఇండియా లీగ్‌లో, తూఫాన్స్ రూపంలో. పురుషుల మ్యాచ్‌లకి ఆ సీజన్లో కేంద్రం రూర్కెలా. 2025 ఫిబ్రవరి 1న అక్కడే ఫైనల్లో బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడిపోయాం. ఆ మ్యాచ్ మనవాడు లాలాగూడలో ఇంట్లో ఫోన్‌లో చూశాడు. జట్టుకి ఊరి పేరు ఉంటే సంతోషమే, కానీ ఊళ్లో పిల్లాడికి దానివల్ల ఒక్క ప్రాక్టీస్ మ్యాచ్ కూడా పెరగలేదు.

బ్యాడ్మింటన్ చూడండి. 2008లో గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ మొదలయ్యాక ఈ ఊరి పిల్లలకి బయటికి వెళ్లాల్సిన పనే లేకపోయింది. దేశమంతటి నుంచి పిల్లలే ఇక్కడికి వస్తున్నారు. పక్క కోర్టులో తనకంటే బాగా ఆడేవాడు రోజూ కనిపిస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే ఎదుగుతారు. హాకీకి ఆ చోటు రూర్కెలా, జలంధర్, భోపాల్. రూర్కెలా ఉన్న సుందర్‌గఢ్ జిల్లాలో పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్ పిల్లాడు పొద్దున లేస్తే పక్క మంచం మీద ఉన్నవాడే వాడికి పోటీ. వివేక్ సాగర్ ప్రసాద్ పద్దెనిమిది నిండకుండానే భారత్‌కి ఆడాడంటే, మధ్యప్రదేశ్ అకాడమీలో వాడికి అలాంటి రోజులు దొరికాయి కాబట్టే.

మనవాడు పాస్ అందుకోగానే బంతిని చంపేస్తాడని చెప్పాను కదా. దానికి కారణం వాడి బద్ధకం కాదు. వారంలో ఎక్కువ రోజులు వాడు ఆడేది ఎర్రమట్టి గ్రౌండ్‌లో. అక్కడ బంతి ఎటు ఎగురుతుందో తెలియదు, ముందు ఆపకపోతే మోకాలికి తగులుతుంది. టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద, అదీ నీళ్లు కొట్టిన టర్ఫ్ మీద, పరుగు ఆపకుండా బంతిని ముందుకి తోసుకుంటూ అందుకోవాలి. లాలాగూడ నుంచి గచ్చిబౌలికి పొద్దున్నే బస్సులు మారి వెళ్లి, ఆడి, మళ్లీ తొమ్మిదింటికి బడికి రావడం ఎవరివల్లా కాదు. పదహారేళ్లకి ఒంటికి పట్టిన అలవాటు ఇరవైకి పోదు. ఈ ఏడాదే వెళ్లాలని నేను తొందరపడుతున్నది ఇందుకే.

తల్లి అడిగింది

వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్. వీడియో తర్వాత ఇంటికి పిలిచాడు. చాయ్ తాగుతుంటే అడిగాడు: "అన్నా, నువ్వు ఆడినోడివి. పోరణ్ని ఇంటర్‌ల ఎయ్యాల్నా, హాస్టల్‌కు పంపాల్నా?"

మా ఊళ్లో పదో తరగతి తర్వాత ఆట మానేసిన పిల్లల్ని లెక్కపెట్టడం నా వల్ల కాదు. ఎంపీసీలో చేరిన జూన్ నెలలోనే స్టిక్ అటక ఎక్కుతుంది. అది తల్లిదండ్రుల తప్పని నేననను, లెక్క అలా ఉంది. అందుకే డబ్బు గురించి దాచకుండా చెప్పాను. 2024లో జరిగిన హాకీ ఇండియా లీగ్ వేలంలో కనీస ధర 2 లక్షలు. హర్మన్‌ప్రీత్‌కి 78 లక్షలు వచ్చాయి, కానీ అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ వేలంలో ఒక్కో జట్టు నలుగురు జూనియర్లని తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధన పెట్టారు కాబట్టి గట్టి జూనియర్‌కి తలుపు తెరిచే ఉంది. లీగ్ నడిచేది మాత్రం కొన్ని వారాలే. ఏడాదంతా ఇల్లు గడిపేది రైల్వేలోనో, ఆయిల్ కంపెనీలోనో, పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. జాతీయ స్థాయిలో నిలకడగా ఆడే డిఫెండర్‌కి అది దొరికే అవకాశం బాగానే ఉంటుంది. భారత జెర్సీ రాకపోయినా ఆ ఉద్యోగం, ఇంకో పన్నెండేళ్ల హాకీ వస్తే వాడు గెలిచినట్టే లెక్క. కామెంట్లు పెట్టేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

వాళ్లమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. కుట్టుమిషన్ ఆపి అంది: "కాలిరిగితే ఎవరు చూస్తరన్నా? గా ఫోన్ల రాసెటోళ్లు వస్తరా?"

నేను తేలిగ్గా తీసేయలేదు. 2003లో జుగ్‌రాజ్ సింగ్‌కి ఇరవై ఏళ్లు. అప్పటికే ప్రపంచంలోని మంచి డ్రాగ్‌ఫ్లిక్కర్లలో ఒకడు. కారు ప్రమాదంలో తగిలిన దెబ్బలతో అంతర్జాతీయ హాకీ అక్కడితో అయిపోయింది. ఆట బాగా వచ్చినంత మాత్రాన ఎముకలు గట్టిగా ఉండవు. ఆమెకి నేను చెప్పగలిగింది ఇంతే: చదువు ఆపొద్దు, హాస్టల్ నుంచే ఇంటర్ పరీక్షలు రాయించండి, సైన్స్ గ్రూపే కావాలని పట్టుబట్టకండి, డిగ్రీ ఉంటే కోటా లేకపోయినా ఇంకో దారి ఉంటుంది. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు, కొడుకు ఆమెవాడు.

పిల్లాడు తలుపు దగ్గర నిల్చుని అంతా విన్నాడు. నేను బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, "అంకుల్, డిఫెన్స్‌ల ఆడితే గోల్స్ తక్కువైతయ్ గదా?" అన్నాడు. తక్కువవుతాయి అన్నాను. కాసేపు ఆలోచించి, "కార్నర్లు నేనే కొట్టొచ్చా?" అని అడిగాడు. కొట్టొచ్చు అన్నాను. "అయితే ఆడత," అన్నాడు.

వచ్చే వారం నుంచి ప్రాక్టీస్‌లో వాణ్ని వెనక ఆడించడానికి కోచ్ ఒప్పుకున్నాడు. మామూలు వంపు ఉన్న పాత స్టిక్ ఒకటి నా దగ్గరుంది, అది ఇచ్చాను, కార్నర్లకి మాత్రం దుబాయ్ స్టిక్. బయటి అకాడమీల ట్రయల్స్ ఎప్పుడు పెడతారో కనుక్కుంటున్నాను. వాళ్ల నాన్నకి సెలవు దొరక్కపోతే నేనే తీసుకెళ్తాను. ఆ లెఫ్ట్ హాఫ్ వాళ్లింట్లో కూడా మాట్లాడాలి, వాణ్నీ పంపిస్తారేమో అడగాలి.